పాండిత్యము నుండి బోధనకు: విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థుల బోధనా వర్క్‌షాపులు – ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

దర్జీ దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరిన కుర్రవాడి చేతికి మొదటి రోజే కొత్త గుడ్డ ఇచ్చి కత్తిరించమని ఎవరూ అనరు. గుండీలు కుట్టించి, కాజాలు కుట్టించి, చేయి కుదిరిన తరువాతే కత్తెర ఇస్తారు. పాఠశాల ఉపాధ్యాయుడు కాదలచిన వ్యక్తి బి.ఎడ్. చదివి, నిజమైన తరగతిలో పర్యవేక్షకుల ఎదుట పాఠాలు చెప్పి చూపించాలి. కాని కళాశాలలోను, విశ్వవిద్యాలయంలోను, వేదాంత కళాశాలలోను బోధించేవారి విషయంలో ఈ క్రమం చాలాకాలం పాటించబడలేదు. విషయం తెలిసినవాడు దానిని చెప్పగలడు అనే నమ్మకమే ఇందుకు కారణం.

ఈ వ్యాసకర్త అనుభవం ఒక ఉదాహరణ. ఎం.టిహెచ్. ముగించిన వెంటనే ఒక వేదాంత కళాశాలలో నూతన నిబంధన పరిచయం బోధించే బాధ్యత నాకు అప్పగించారు. మొదటి మూడు సువార్తల పరస్పర సంబంధం ఆనాటి పాఠం. గంట మోగే వరకు ఆగకుండా నోట్సు చెప్పాను. అందరూ తలవంచుకుని రాసుకున్నారు. పాఠం బాగా జరిగిందనుకుని బయటికి వస్తుండగా, కొన్నేళ్లు గ్రామ సంఘాల్లో పరిచర్య చేసి చదువుకు వచ్చిన ఒక విద్యార్థి వరండాలో నన్ను ఆపాడు. "అయ్యగారూ, మార్కు ముందు రాశాడంటే మత్తయి ఆయన్ని చూసి రాశాడనా? ఊళ్లో మావాళ్లు అడిగితే నేనేం చెప్పాలి?" అన్నాడు. నాకు తరువాతి తరగతికి ఆలస్యమవుతోంది. "నోట్సులో ఉంది, చదువుకోండి" అని వెళ్లిపోయాను. ఆ సంవత్సరమంతా అతడు మరో ప్రశ్న అడగలేదు. పరీక్షలో నా వాక్యాలనే నాకు తిరిగి రాసి ఇచ్చాడు. మంచి మార్కులు కూడా వచ్చాయి.

అతనికి అందవలసినది అందలేదని గ్రహించడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. విషయజ్ఞానం ఒకటి, దానిని నేర్చుకునేవాని వైపు నుండి చూడగలగడం మరొకటి. ఈ రెండవది సాధనతో వస్తుంది. దాని కోసమే అనేక దేశాల విశ్వవిద్యాలయాలు తమ పరిశోధక విద్యార్థులకు బోధనా వర్క్‌షాపులు నిర్వహిస్తున్నాయి. అవి ఎందుకు పుట్టాయి, వాటిలో ఏమి జరుగుతుంది, వాటి పరిమితులేమిటి, మన వేదాంత కళాశాలల్లో వాటిని ఎలా ఆచరించవచ్చు అనే నాలుగు అంశాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

1. సమస్య స్వరూపము

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ప్రాథమిక కోర్సులకు వందలాది విద్యార్థులు ఉంటారు. ప్రొఫెసరు పెద్ద హాలులో ఉపన్యసిస్తే, వారిని చిన్న చిన్న గుంపులుగా విభజించి చర్చా తరగతులు, ప్రయోగశాలలు నడిపేది, జవాబు పత్రాలు దిద్దేది చాలాచోట్ల ఎం.ఏ., ఎం.ఎస్., పిహెచ్.డి. చదువుతున్న విద్యార్థులే. వీరిని టీచింగ్ అసిస్టెంట్లు అంటారు. ఈ పనికి ప్రతిఫలంగా వారికి ఫీజు మినహాయింపు, నెలసరి భృతి లభిస్తాయి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం నుండి అక్కడికి వెళ్లిన తెలుగు విద్యార్థుల్లో ఎందరికో ఇదే తొలి ఉద్యోగం. ఆగస్టులో విమానం దిగిన వ్యక్తి కొద్ది రోజుల్లోనే ఇరవై, ముప్పై మంది ఎదుట నిలబడవలసి వస్తుంది. నిన్నటి వరకు వెనుక బల్లమీద కూర్చున్నవాడు నేడు నల్లబల్ల దగ్గర ఉంటాడు.

పిహెచ్.డి. ప్రధానంగా పరిశోధనకు శిక్షణ ఇస్తుంది. ఒక చిన్న అంశాన్ని లోతుగా తవ్వడం, ఆధారాలను తూచడం, సాటి పండితులకు అర్థమయ్యేలా రాయడం అందులో నేర్చుకుంటారు. ఆ పట్టా పొందినవారిలో చాలామంది మాత్రం తమ జీవితకాలంలో అధిక భాగం, ఆ విషయం ఏమాత్రం తెలియని వారికి దానిని పరిచయం చేయడంలో గడుపుతారు. 1990లో అమెరికా విద్యావేత్త ఎర్నెస్ట్ బోయర్ కార్నెగీ ఫౌండేషన్ తరఫున ప్రచురించిన నివేదికలో పాండిత్యాన్ని నాలుగు విధాలుగా వివరించాడు: కొత్త విషయం కనుగొనడం, వేర్వేరు విషయాలను సమన్వయపరచడం, జీవితానికి అన్వయించడం, బోధించడం. మొదటిదానికే గౌరవం దక్కి మిగిలినవి వెనుకబడ్డాయన్నది ఆయన వాదన.

ఈ లోటుకు మూల్యం చెల్లించేది అధ్యాపకుడు కాదు, విద్యార్థి. పాఠం అర్థం కానప్పుడు తన తెలివే తక్కువని అతడు నిశ్చయించుకుంటాడు. ఇంటిలో తనకు ముందు ఎవరూ కళాశాల గడప తొక్కని విద్యార్థి విషయంలో ఇది మరింత నిజం.

2. తెలిసినవానికి కనబడనిది

విషయం బాగా తెలియడం బోధనకు అడ్డంకి కూడా కాగలదు. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ తన పిహెచ్.డి. పరిశోధనలో ఒక తేలికైన ప్రయోగం చేసింది. కొందరు అందరికీ తెలిసిన పాటల వరుసను బల్లమీద వేలితో తట్టాలి. ఎదుట కూర్చున్నవారు అది ఏ పాటో చెప్పాలి. తట్టినవారు, వినేవారిలో సగం మంది గుర్తుపడతారని అంచనా వేశారు. మొత్తం 120 పాటలు తట్టితే, గుర్తుపట్టినవి 3 మాత్రమే.

పాఠకులు ఈ ప్రయోగాన్ని ఇంటిలోనే చేసి చూడవచ్చు. మీకు కంఠతా వచ్చిన ఒక కీర్తనను బల్లమీద తట్టండి. మీ చెవిలో రాగం, మాటలు, హార్మోనియం అన్నీ మోగుతూనే ఉంటాయి. ఎదుటివారికి వినబడేది టకటకమనే చప్పుడు మాత్రమే. మీ మనసులోని పాటను ఆపివేసి, వారికి వినబడే చప్పుడునే వినాలని ప్రయత్నించండి. అది దాదాపు అసాధ్యమని తెలుస్తుంది.

తరగతిలో జరిగేదీ ఇదే. సువార్తల మూలాధారాల గురించి మూడేళ్లు చదివినవాడు 'మూలాధారం' అనే మాట పలికినప్పుడు అతని మనసులో ఒక గ్రంథాలయమే కదులుతుంది. వినేవానికి అది ఒక కొత్త మాట, అంతే. చెప్పేవాడు ఎంత శ్రద్ధగా తనను తాను పరీక్షించుకున్నా ఈ తేడా తనంతట తానుగా కనబడదు. మరొకరి కళ్లు కావాలి. బోధనా వర్క్‌షాపుల మూలసూత్రం ఇదే.

3. చారిత్రక నేపథ్యము

1962లో మిచిగన్ విశ్వవిద్యాలయం అధ్యయన, బోధనా పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది. అమెరికాలో ఇటువంటి విశ్వవిద్యాలయ కేంద్రాల్లో ఇది మొదటిదిగా పేర్కొనబడుతుంది. 1963 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్‌లో డ్వైట్ అలెన్, ఆయన సహచరులు పాఠశాల ఉపాధ్యాయ శిక్షణ కోసం 'మైక్రో టీచింగ్' పద్ధతిని రూపొందించారు. నలుగురైదుగురు విద్యార్థులకు కొద్ది నిమిషాల పాఠం చెప్పడం, దానిని వీడియో తీయడం, చూసి చర్చించడం, అదే పాఠాన్ని మళ్లీ చెప్పడం ఇందులోని క్రమం. బి.ఎడ్. చదివిన మన తెలుగు పాఠకులకు ఇది 'సూక్ష్మ బోధన'గా సుపరిచితమే. కళాశాల అధ్యాపకుల కోసం వచ్చిన వర్క్‌షాపుల్లో అనేకం ఈ పాఠశాల పద్ధతికే రుణపడి ఉండడం గమనార్హం.

1975లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వెలసిన బోధనా కేంద్రం, ఆ విశ్వవిద్యాలయ మాజీ అధ్యక్షుని పేరిట తరువాత డెరిక్ బాక్ కేంద్రంగా ప్రసిద్ధి చెందింది. 1970ల చివర కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 'ఇన్‌స్ట్రక్షనల్ స్కిల్స్ వర్క్‌షాప్' ఆరంభమైంది. మొదట కళాశాల అధ్యాపకుల కోసం రూపొందిన ఈ కార్యక్రమాన్ని ఆ తరువాత విశ్వవిద్యాలయాలు పరిశోధక విద్యార్థులకూ అందిస్తున్నాయి. 1993లో అమెరికాలోని గ్రాడ్యుయేట్ స్కూల్స్ మండలి, కళాశాలలు-విశ్వవిద్యాలయాల సంఘం కలిసి 'ప్రిపేరింగ్ ఫ్యూచర్ ఫ్యాకల్టీ' అనే కార్యక్రమాన్ని ప్రారంభించాయి. పిహెచ్.డి. విద్యార్థి తన విశ్వవిద్యాలయానికే పరిమితం కాకుండా, చిన్న కళాశాలలకు వెళ్లి అక్కడి అధ్యాపకుల జీవితం ఎలా ఉంటుందో చూడటం ఇందులోని విశేషం.

వేదాంత విద్యకు సంబంధించి 1990ల మధ్యలో ఇండియానా రాష్ట్రంలోని వాబాష్ కళాశాలలో లిల్లీ ఎండోమెంట్ ఆర్థిక సహాయంతో ఏర్పడిన వాబాష్ కేంద్రం ప్రస్తావించదగినది. వేదాంతం, మతాధ్యయనం బోధించే యువ అధ్యాపకులను ఇది ఒకచోట చేర్చి, తమ తరగతుల గురించి నిదానంగా, నిర్భయంగా మాట్లాడుకునే అవకాశం కల్పించింది.

4. వర్క్‌షాపు నిర్మాణము

ఉదాహరణకు పైన చెప్పిన కెనడా వర్క్‌షాపును తీసుకుందాం. ఇది సాధారణంగా మూడు రోజులు, మొత్తం 24 గంటలు సాగుతుంది. నలుగురు నుండి ఆరుగురు ఒక గుంపు. వారు వేర్వేరు శాఖలవారైతే మరీ మంచిది. రసాయన శాస్త్రం తెలియనివాడే రసాయన శాస్త్ర పాఠానికి నిజమైన విద్యార్థి కాగలడు. ప్రతి ఒక్కరు మూడు రోజుల్లో మూడు పాఠాలు చెప్పాలి. ఒక్కో పాఠం 10 నిమిషాలే. మిగతావారు విద్యార్థులుగా కూర్చుంటారు. తరువాత వారు తమ అభిప్రాయం రాసి ఇస్తారు, నోటితో చెబుతారు. వీడియో కూడా తీస్తారు. ఏర్పాటు, పాఠం, చర్చ అన్నీ కలిపి ఒక్కొక్కరికి సుమారు 40 నిమిషాలు పడుతుంది.

పాఠాన్ని ఆరు మెట్లుగా కట్టుకోవాలని వారు సూచిస్తారు.

మొదటిది, వంతెన. విద్యార్థికి ఇదివరకే తెలిసిన విషయం నుండి కొత్త విషయానికి దారి వేయడం.

రెండవది, లక్ష్యం. పాఠం ముగిసేసరికి విద్యార్థి ఏమి చేయగలగాలో చెప్పడం. 'అర్థం చేసుకుంటారు' అనేది కంటికి కనబడే లక్ష్యం కాదు. 'పోల్చగలరు', 'గుర్తించగలరు', 'తమ మాటల్లో వివరించగలరు' అనేవి కనబడతాయి.

మూడవది, ముందస్తు పరిశీలన. వారికి ఇప్పటికే ఎంత తెలుసో ఒకటి రెండు ప్రశ్నలతో తెలుసుకోవడం.

నాలుగవది, భాగస్వామ్యం. విద్యార్థులు చేతులతో, మాటలతో, ఆలోచనతో పాఠంలో పాలుపంచుకోవడం. అధిక సమయం దీనికే.

ఐదవది, తుది పరిశీలన. చెప్పిన లక్ష్యం నెరవేరిందా అని చూడడం.

ఆరవది, సారాంశం. నేర్చుకున్నదానిని క్లుప్తంగా ముడివేయడం.

ఇందులో కొత్త సంగతేమీ లేదని అనుభవజ్ఞులు అనవచ్చు. నిజమే. అయితే ఈ ఆరింటినీ 10 నిమిషాల్లో ఇమడ్చవలసి వచ్చినప్పుడు, ఏది ముఖ్యం, ఏది వదిలివేయవచ్చు అనే నిర్ణయం తప్పించుకోలేనిదవుతుంది. గంట సమయం ఉన్నప్పుడు ఆ నిర్ణయం చేయకుండా అన్నీ చెప్పివేస్తాం.

5. ఒకే పాఠము, రెండు సార్లు

నా మొదటి తరగతి తరువాత చాలా ఏళ్లకు, ఇదే పద్ధతిలో జరిగిన ఒక వర్క్‌షాపులో పాల్గొనే అవకాశం నాకు కలిగింది. మా గుంపులో చరిత్ర బోధించేవారు ఒకరు, సలహా పరిచర్య బోధించేవారు ఒకరు, సంగీతం నేర్పేవారు ఒకరు, గణితశాస్త్ర పరిశోధక విద్యార్థి ఒకరు ఉన్నారు. నేను మొదటి మూడు సువార్తల పరస్పర సంబంధాన్నే ఎంచుకున్నాను. మార్కు సువార్త ముందు రాయబడిందనే వాదం, మత్తయి లూకాలు ఉపయోగించారని పండితులు ఊహించే 'క్యూ' అనే మూలాధారం, ఇతర సిద్ధాంతాలు, వాటి బలాబలాలు అన్నీ 10 నిమిషాల్లో చెప్పాను. గడియారం చూసుకుని సరిగ్గా ముగించాను.

తరువాత నలుగురూ తమకు గుర్తున్నది రాసి ఇచ్చారు. ముగ్గురి కాగితాల్లో 'క్యూ' అనే అక్షరం ఉంది. అది ఏమిటో ఎవరికీ తెలియలేదు. సంగీతం నేర్పేవారు ఒక వాక్యం రాశారు: మీరు ఎవరితోనో వాదిస్తున్నట్టు ఉంది గాని, ఎవరితోనో, దేని గురించో మాకు తెలియలేదు. వీడియో చూస్తే మరొకటి బయటపడింది. పది నిమిషాల్లో నేను ఒక్కసారి కూడా వారి ముఖాలు చూడలేదు.

మరునాడు అదే పాఠం మళ్లీ చెప్పాను. ఈసారి పక్షవాయువు గలవాని స్వస్థత వృత్తాంతాన్ని మూడు సువార్తల నుండి (మత్తయి 9:1-8, మార్కు 2:1-12, లూకా 5:17-26) ఒకే కాగితంపై మూడు నిలువు వరుసలుగా రాసి ఇచ్చాను. మూడింటిలోను ఒకేలా ఉన్న మాటల కింద గీత గీయమన్నాను. మూడు నిమిషాలు నేను మాట్లాడలేదు. రోగిని మోసినవారు నలుగురని మార్కు ఒక్కడే చెబుతున్నాడని చరిత్ర అధ్యాపకుడు కనిపెట్టాడు. మార్కులో కప్పు విప్పిన సంగతి, లూకాలో పెంకుల ప్రస్తావన ఉండగా, మత్తయిలో ఇంటి కప్పు మాటే లేదని గణిత విద్యార్థి అన్నాడు. ఇన్ని మాటలు ఒకేలా ఎందుకున్నాయి, ఈ తేడాలు ఎందుకున్నాయి అని వారే ప్రశ్నించారు. అప్పుడు ఒకరి రచన మరొకరికి అందుబాటులో ఉండి ఉండవచ్చుననే ఆలోచనను రెండు వాక్యాల్లో చెప్పాను. 'క్యూ' ప్రస్తావన తేలేదు.

రెండవ పాఠంలో నేను చెప్పినది తక్కువ, వారు చేసినది ఎక్కువ. వరండాలో నన్ను ఆపిన ఆ విద్యార్థి ప్రశ్న ఈసారి పాఠం మధ్యలోనే వచ్చింది, అదీ మరొకరి నోట.

6. అభిప్రాయము చెప్పుట, వినుట

ఈ వర్క్‌షాపుల్లో కష్టమైన భాగం పాఠం చెప్పడం కాదు, దాని గురించి మాట్లాడుకోవడం. మన సంస్కృతిలో పెద్దవారి పాఠంలో లోపం చూపించడం అమర్యాదగా భావిస్తాం. "చాలా బాగుందండీ" అని తప్పుకుంటాం. లేదా, మనసు విప్పి మాట్లాడే అవకాశం దొరికితే, మనిషినే తూలనాడుతాం. రెండింటివలన నేర్చుకునేది ఏమీ ఉండదు.

అందుచేత కొన్ని నియమాలు పెట్టుకోవడం మేలు. మొదట పాఠం చెప్పినవారే తమ పాఠం ఎలా జరిగిందో చెప్పాలి. తరువాత విన్నవారు తీర్పు కాకుండా అనుభవం చెప్పాలి. "మీరు వేగంగా మాట్లాడతారు" అనేదానికన్నా "మూడవ నిమిషంలో నేను వెనుకబడ్డాను, తరువాత అందుకోలేకపోయాను" అనేది ఉపయోగకరం. సరిదిద్దుకోగల సంగతులే చెప్పాలి. గొంతు సన్నగా ఉందని చెప్పి ప్రయోజనం లేదు, బల్లమీద రాసినది వెనుక వరుసకు కనబడలేదని చెబితే ప్రయోజనం ఉంది. విన్నవారు మాట్లాడుతున్నంతసేపు పాఠం చెప్పినవారు సమర్థించుకోకుండా రాసుకోవాలి. ఆఖరున, మళ్లీ చెబితే ఏ ఒక్క మార్పు చేస్తారో వారే చెప్పాలి.

అక్కడ జరిగినది బయట చెప్పుకోకూడదు, ఉద్యోగ మదింపునకు వాడకూడదు. ఈ హామీ లేనిచోట ఎవరూ తమకు రానిదానిని బయటపెట్టరు.

7. ప్రశ్న వేసి వేచియుండుట

వర్క్‌షాపుల్లో నేర్పే నైపుణ్యాలు అనేకం. వాటిలో ఖర్చులేనివి రెండు ఇక్కడ చెప్పుకోవాలి.

మొదటిది నిరీక్షణ. 1970లలో మేరీ బడ్ రో అమెరికా పాఠశాలల విజ్ఞానశాస్త్ర తరగతులను పరిశీలించింది. ప్రశ్న వేసిన తరువాత ఉపాధ్యాయులు సగటున 1 సెకను మాత్రమే ఆగి, తామే జవాబు చెప్పడమో, మరొకరిని అడగడమో చేస్తున్నారని గమనించింది. 3 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ ఆగినప్పుడు జవాబులు దీర్ఘమయ్యాయి, మామూలుగా నోరు విప్పనివారు కూడా మాట్లాడారు. తెలుగులో ఆలోచించి, ఇంగ్లీషు పారిభాషిక పదాలతో జవాబు చెప్పవలసిన మన విద్యార్థికి ఆ నిరీక్షణ ఇంకా అవసరం.

రెండవది ఒక నిమిషపు కాగితం. తరగతి చివర విద్యార్థులు పేరు రాయకుండా రెండు ప్రశ్నలకు జవాబు రాస్తారు: ఈ రోజు నేర్చుకున్న ముఖ్య విషయం ఏమిటి? ఇంకా అర్థం కానిది ఏమిటి? థామస్ ఏంజెలో, పట్రీషియా క్రాస్ 1993 నాటి తమ గ్రంథం ద్వారా ఇటువంటి పద్ధతులను కళాశాల అధ్యాపకుల్లో విస్తృతంగా ప్రచారం చేశారు. పెద్దవారిని నోటితో ప్రశ్నించడానికి జంకే విద్యార్థి కాగితం మీద ప్రశ్నిస్తాడు.

ఇవి చిట్కాలు మాత్రమేనా? 2014లో స్కాట్ ఫ్రీమన్, ఆయన సహచరులు విజ్ఞానశాస్త్రం, ఇంజనీరింగు, గణితం కోర్సులపై జరిగిన 225 అధ్యయనాలను సమీక్షించారు. ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో సగటున 33.8 శాతం మంది తప్పగా, విద్యార్థులు చురుకుగా పాల్గొన్న తరగతుల్లో 21.8 శాతం మంది తప్పారు. వేదాంత తరగతులకు ఈ అంకెలు యథాతథంగా వర్తించవు. అయినా విద్యార్థి పాల్గొనడం అలంకారం కాదని ఇవి తెలుపుతున్నాయి.

8. పరిమితులు

ఈ వర్క్‌షాపులను సర్వరోగ నివారిణిగా భావించకూడదు. ఒక పూట జరిగి, భోజనంతో, సర్టిఫికెట్టుతో ముగిసే కార్యక్రమం వలన స్థిరమైన మార్పు ఆశించలేము. నేర్చుకున్నవాడు తన శాఖకు తిరిగి వెళ్లినప్పుడు అక్కడి పెద్దలు "ముందు నీ సిద్ధాంత గ్రంథం సంగతి చూసుకో" అంటే, నేర్చుకున్నది మూలపడుతుంది. పదోన్నతికి పరిశోధనా పత్రాలనే లెక్కించే చోట బోధనకు సమయం పెట్టడం నష్టమని యువకులు త్వరగానే గ్రహిస్తారు.

మరొక ప్రమాదం, పద్ధతి మీద మోజులో విషయం పలుచబడటం. చర్చలు, గుంపులు, చార్టులు ఉన్నంతమాత్రాన పాఠం ఉన్నట్టు కాదు. మూడు సువార్తల భాగాలు పక్కపక్కన పెట్టే ఆలోచన రావాలంటే అధ్యాపకునికి ఆ మూడు భాగాలు బాగా తెలిసి ఉండాలి. వర్క్‌షాపు పాండిత్యానికి ప్రత్యామ్నాయం కాదు.

అలాగే ఉపన్యాసం నిషిద్ధమూ కాదు. చక్కగా కూర్చిన ఉపన్యాసం కొన్ని సందర్భాల్లో ఉత్తమ మార్గం. అయితే అది ఎంచుకున్న మార్గం కావాలి గాని, మరొకటి తెలియక పట్టుకున్నది కాకూడదు.

9. భారతదేశములో

మన దేశంలో 1986 జాతీయ విద్యా విధానాన్ని అనుసరించి 1987లో యు.జి.సి. అకడమిక్ స్టాఫ్ కళాశాలల పథకాన్ని ప్రారంభించింది. ఉస్మానియా, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఇవి ఏర్పడ్డాయి. 2015లో వీటికి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలని పేరు మారింది. 2023లో మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం కిందికి వచ్చాయి. అయితే ఇవి ప్రధానంగా ఉద్యోగంలో చేరినవారి కోసం. కత్తెర ఇచ్చిన తరువాత కాజాలు నేర్పినట్టు.

ఇటీవలి మార్పు గమనించదగినది. 2020 జాతీయ విద్యా విధానం పిహెచ్.డి. విద్యార్థులు తమ విషయానికి సంబంధించిన బోధనా పద్ధతులను కూడా అభ్యసించాలని సూచించింది. 2022 యు.జి.సి. పిహెచ్.డి. నిబంధనలు దానిని నియమంగా చేర్చాయి. ట్యుటోరియల్, ప్రయోగశాల, మూల్యాంకన పనుల కోసం వారానికి 4 నుండి 6 గంటలు విద్యార్థులకు కేటాయించవచ్చునని కూడా పేర్కొన్నాయి. ఈ ఏర్పాట్లు విశ్వవిద్యాలయాలను, వాటి కళాశాలలను ఉద్దేశించినవి. వేదాంత కళాశాలలు తమ దారి తామే వేసుకోవాలి.

బి.ఎడ్. కళాశాలల సూక్ష్మ బోధనా చక్రం ఇందుకు సిద్ధంగా ఉన్న సాధనం. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి రూపొందించిన నమూనాలో పాఠానికి 6 నిమిషాలు, అభిప్రాయానికి 6, మళ్లీ సిద్ధపడడానికి 12, తిరిగి చెప్పడానికి 6, మరల అభిప్రాయానికి 6, మొత్తం 36 నిమిషాలు.

10. మన కళాశాలల్లో ఆచరణ

దీనికి పెద్ద నిధులు అవసరం లేదు. కళాశాలలో ఎం.టిహెచ్. విద్యార్థులు లేదా కొత్త అధ్యాపకులు నలుగురుంటే చాలు. నెలకొక శనివారం ఉదయం ఒక గదిలో కూర్చోవాలి. ఒక్కొక్కరు తమ విషయం నుండి 10 నిమిషాల పాఠం తెలుగులో చెప్పాలి. ఒకరు సెల్‌ఫోనుతో వీడియో తీయాలి. అది పాఠం చెప్పినవారికే ఇచ్చివేయాలి. పైన చెప్పిన నియమాల ప్రకారం అభిప్రాయాలు పంచుకోవాలి. మరునెల అదే పాఠం మళ్లీ చెప్పాలి. కొత్త పాఠం చెప్పాలనే కోరికను ఆపుకోవాలి. మార్పు కనబడేది రెండవసారే.

వీలైతే ఊళ్లోని బి.ఎడ్. కళాశాల అధ్యాపకులను ఒకరిని పిలవవచ్చు. సంఘంలో ఎన్నో ఏళ్లుగా ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్న టీచరమ్మను పిలిస్తే ఇంకా మేలు. బోధన విషయంలో ఆమె దగ్గర మనం నేర్చుకోవలసినది చాలా ఉంది. అలా పిలవడానికి మన పట్టాలు అడ్డురాకూడదు.

కాపరులకు కూడా ఇది వర్తిస్తుంది. వారం మధ్యలో జరిగే బైబిలు అధ్యయన కూటం ఒక తరగతి వంటిదే. ఇద్దరు ముగ్గురు పొరుగు సంఘాల కాపరులు నెలకొకసారి కలిసి ఒకరి పాఠం మరొకరు వినవచ్చు. అందులో ఒకరు చదువురానివారి స్థానంలో కూర్చుని వింటే, ఏ మాట దగ్గర దారి తప్పుతామో తెలుస్తుంది.

ముగింపు

విశ్వవిద్యాలయాలు పరిశోధక విద్యార్థుల కోసం నడిపే బోధనా వర్క్‌షాపుల సారం మూడు మాటల్లో చెప్పవచ్చు: చిన్న పాఠం, సాటివారి కళ్లు, మరో అవకాశం. మిగిలినవన్నీ వీటికి తోడుగా వచ్చినవే. వీటిలో ఏదీ మన కళాశాలల స్తోమతకు మించినది కాదు.

వరండాలో నన్ను ఆపిన ఆ విద్యార్థి ఇప్పుడు ఎక్కడ పరిచర్య చేస్తున్నాడో నాకు తెలియదు. అతని సంఘంలో ఎవరైనా అదే ప్రశ్న అడిగి ఉంటే, అతడు ఏమి చెప్పి ఉంటాడో ఊహించగలను. "పుస్తకంలో ఉంది, చదువుకోండి" అని ఉంటాడు. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబుగా అతడు నా దగ్గర విన్నది అదే. విద్యార్థి మన పాఠంతో పాటు మన బోధనా పద్ధతిని కూడా మోసుకుపోతాడు. ఈ ఏడాది మొదటిసారి తరగతి గదిలో అడుగుపెట్టబోతున్న ఎం.టిహెచ్. విద్యార్థులు, ఆ గదిలోకి వెళ్లేముందు ఒక్కసారైనా ముగ్గురు మిత్రుల ఎదుట పది నిమిషాలు నిలబడాలని ఈ వ్యాసకర్త మనవి.